గ్లాసు అడుగున నీటిబొట్టు

నా చిన్నప్పుడు, మా నాగాయలంకకు సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజుల్లో, మా పెద్ద మావయ్య సొంత సరదా కొద్దీ విమానం నడిపేవాడు. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూనే నేర్చుకున్నాడు. పైనుంచి చూస్తే కృష్ణమ్మ సముద్రాన్ని తాకేముందు చేతివేళ్ళలా విడిపోతుందని చెప్పేటప్పుడు ఆయన ముఖం ఆరాధనలో ఉన్నవాడి ముఖంలా ఉండేది.

ఒక ఏడు ఆయన ఇద్దరు మాత్రమే పట్టే చిన్న విమానంలో గన్నవరం వచ్చాడు. ఆ వారమే వాయుగుండం పట్టింది. చేపల వేటకెళ్ళిన నాన్న పడవ తిరిగి రాలేదు. రెండు రోజులు మా చర్చి సంఘమంతా మా ఇంట్లో ప్రార్థన చేసింది. మూడో రోజు వాన తెరిపిచ్చింది. సముద్రం మీద వెతకమని మావయ్యను అడగడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సులో గన్నవరం వెళ్ళింది.

మావయ్య రెక్క కింద కూర్చుని ట్యాంకులోంచి కాస్త పెట్రోలు గాజు గ్లాసులోకి పట్టి వెలుతురుకెత్తి చూస్తున్నాడు. అడుగున చిన్న నీటిబొట్టు. పారబోశాడు, మళ్ళీ పట్టాడు. మళ్ళీ బొట్టు.

"సరదాకైతే ఎగురుతావు. మా ఆయన కోసమైతే చేతులు రావట్లేదా అన్నయ్యా?" అంది అమ్మ.

మావయ్య ఆ గ్లాసూ పారబోశాడు. నేనే ఆయన చొక్కా పట్టుకున్నాను. "ప్రార్థన చేశాం కదా మావయ్యా, దేవుడు చూసుకుంటాడు, ఎక్కు."

"ప్రార్థన చేశాం కాబట్టే చూస్తున్నానే అమ్మలూ. రెండ్రోజులు వానలో నానింది. పైకెళ్ళాక ఈ నీళ్ళు ఇంజన్లోకొస్తే ఆగిపోద్ది. తెలిసీ ఎక్కితే దేవుణ్ణి శోధించడమే, పరీక్ష పెట్టడమే అవుద్ది, నమ్మడం కాదు."

నీళ్ళు పూర్తిగా పోయేసరికి ఎగరడానికి వీల్లేకుండా మబ్బు మళ్ళీ దిగిపోయింది. ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, విమానం వైపు తిరిగి నుదురు రెక్కకు ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. చేయడానికి మాకెవరికీ ఏమీ మిగల్లేదు.

తెల్లారి మబ్బు విడగానే వెళ్ళాడు. నదీముఖం దగ్గర బోర్లాపడిన పడవ కనిపించింది. నాన్న కనిపించలేదు.

ముందు రోజే వెళ్ళి ఉంటే నాన్న దొరికేవాడేమో అని ఇప్పటికీ అనుకుంటాను. చాలా ఏళ్ళు మావయ్యతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయన పిల్లల పెళ్ళిళ్ళలో, వాళ్ళ పక్కన నిలబడ్డ తండ్రిని చూసినప్పుడు మాత్రం నా కోపం కొంచెం కొంచెంగా తగ్గింది. ఆ రోజు ఎక్కి ఉంటే, ఆ పిల్లలు కూడా నాలాగే ఉండేవారేమో.

ఇప్పుడు మా ఆయన ఇంజను పడవ మీద వేటకెళ్తాడు. బయల్దేరేముందు ఇద్దరం మోకరించి ప్రార్థన చేస్తాం. ఆమేన్ అన్నాక నేను డబ్బాలోంచి కాస్త డీజిలు గాజు గ్లాసులోకి వంచి వెలుతురుకెత్తి చూస్తాను. రేవులో వాళ్ళు నవ్వుతారు. బొట్టు లేదని తేలేదాకా నేను పడవ తాడు వదలను.