వెంకటప్పయ్య మాస్టారి స్టాప్

వెంకటప్పయ్య మాస్టారికి ఇంగ్లీషులో ఎన్ని మాటలు తెలిసినా, ఆయన పట్టుకు వేళ్ళాడింది ఒక్కటే: స్టాప్. దాని పుట్టుపూర్వోత్తరాలు ఎవరో ఒకరికి చెప్పనిదే ఆయనకు పొద్దు గడవదు. ఆ ఎవరో ఒకణ్ణి నేనే. ఎనభై నాలుగులో ఏన్కూరు నుంచి జూలూరుపాడు వెళ్ళే పొద్దుటి బస్సుకు కండక్టర్ని.

ఆయన రిటైరైన మనిషి. ఎక్కడికీ వెళ్ళరు, టికెట్ కొనరు. తండా దారి దగ్గర బస్సు ఆగగానే, బస్సులో వచ్చే తన పేపరు నా చేతిలోంచి అందుకుని, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టేవారు.

"స్టాప్ అంటే ఏమిటోయ్?"

"ఆపుడు సార్. కాలు తియ్యుండ్రి."

"అదే తప్పు! లాటిన్‌లో నార పీచుతో కన్నం పూడ్చడం. ఆపడం తర్వాతొచ్చింది. వాక్యం చివర చుక్కా స్టాపే. హార్మోనియానికి లాగే బుడిపెలూ..."

వెనక సీట్లోంచి రోజూ ఎక్కే రైతు పిచ్చయ్య అరిచేవాడు: "సారూ, గా నార పీచు మా ఎడ్లకు గూడ నోటికొచ్చింది, ఇగ పోనియ్యుండ్రి!"

డ్రైవర్ గోపాలు హారన్ కొట్టేవాడు. ఏమయ్యేదో, మాస్టారు ఉన్నట్టుండి పాఠం తెగ్గోసి కాలు తీసేసేవారు. ఈలోగా తండా పిల్లలు నలుగురు ఎక్కేవాళ్ళు. నేను టిక్కెట్లు కొట్టుకునేవాణ్ణి. నా బుర్ర అంతవరకే.

పదో తరగతి పరీక్షల మొదటి రోజు మాస్టారి గొంతు పోయింది. మెడకు మఫ్లరు, నోట్లోంచి గాలి తప్ప మాట లేదు.

"అమ్మయ్య, ఇయ్యాల బతికినం!" అని గోపాలు గేరు వేశాడు.

మాస్టారు కాలు పెట్టబోతే, "జరమొచ్చినట్టుంది, ఇంటికి పోండ్రి సార్" అని నేనే పక్కకు జరిపాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చూపు మాత్రం వాగు వైపు. అటు తిరిగి చూస్తే దూరంగా తండా పిల్లల్లో పదో తరగతి చదివే చాంది, పరీక్ష అట్ట గుండెకు హత్తుకుని పరుగెత్తుకొస్తోంది. ఈ బస్సు తప్పితే మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు. ఆ పిల్ల ఏడాది చదువూ వాగులో కలిసినట్టే.

అప్పుడు వెలిగింది నాకు. మొదట్లో ఆయన, "తండా పిల్లల కోసం రెండు నిమిషాలు ఆగండి బాబూ" అని అడిగితే, టైమంటే టైమేనని కసిరింది నేనూ గోపాలూనే. ఎంత సిగ్గేసిందో! ఇప్పుడు ఏ మొహంతో గోపాలుని ఆగమనను?

రైట్ రైట్ అనాల్సిన నోటితో, "గోపాలన్నా, స్టాప్ అంటే ఏందో ఎరుకేనా?" అన్నాను.

"ఓర్నీ, నీకు గూడ అంటుకున్నదా!"

"గది లాటిన్ మాట. కొబ్బరి పీచుతోని కన్నం పూడ్చేటోళ్ళు..."

హార్మోనియం దాకా వచ్చేసరికి చాంది రొప్పుతూ ఎక్కి కూర్చుంది. "రైట్ రైట్!" అన్నాను.

బస్సు కదిలింది. మాస్టారు మఫ్లరు ఎగరేసుకుంటూ పక్కనే నాలుగడుగులు పరుగెత్తి, లేని గొంతంతా పోగుచేసుకుని అన్నారు:

"కొబ్బరి కాదురా వెధవా, నార!"