శుక్రవారం వర్పు

ఇర్మెలి రౌతియో ఒకప్పుడు తూచిన పిల్లలే ఇప్పుడు తమ పిల్లల్ని తెచ్చి ఆమె త్రాసులో పడుకోబెడుతున్నారు. పిల్లల క్లినిక్ నర్సంటే ఆ ఊరికంతటికీ అత్తే. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఊరందరి తొడల్లో టీకా సూది గుచ్చిన మనిషిని వరస కలిపి పిలవక ఏం చేస్తారు? మంచి మనిషే గానీ, నోటి శుభ్రత పిచ్చి ఒకటుంది. 'పెర్కెలె' అని తిట్టనిదే ఫిన్లాండు వాళ్లు గోడకు మేకైనా కొట్టలేరు. అత్త మాత్రం నోటి దాకా వచ్చిన తిట్టును సగంలో మింగేసి 'పెర్యంతాయ్' అనేది. అంటే శుక్రవారం. సోమవారం పొద్దున్నే ఆమె గదిలోంచి "పెర్యంతాయ్!" అని కేక వినబడితే, ఏదో చెయ్యి జారిందని తోటి నర్సులకు తెలిసిపోయేది.

ఆ ఏడు మే నెలలో ఆరేళ్ల వర్పును తీసుకుని తల్లి కైసు వచ్చింది. ఆగస్టులో బడి. ఈలోగా పిల్ల ఎత్తు, బరువు, చూపు, మాట అన్నీ చూసి అత్త కార్డులో రాయాలి.

"నీ పేరేంటే బంగారం?"

"నా పేలు ఐనో."

"పేలు కాదు, పేరు. ఐనో అంతకన్నా కాదు," అంది కైసు. "దీనికి ర పలకదత్తా. వల్పు అంటే తోటిపిల్లలు నవ్వారట. అప్పట్నుంచి అడిగిన వాళ్లందరికీ ర లేని పేరు చూసుకుని ఐనో అంటోంది. బడిలో మొదటిరోజు లేచి నిలబడి పేరు చెప్పాలి కదా, అందుకని బడికే వెళ్లదట."

వర్పు కింది పెదవి వణికింది. అది చూసి ఇర్మెలికి ప్రాణం ఉసూరుమంది. చిన్నప్పుడు తానూ 'ఇల్మెలి లౌతియో'నే. ఆ భయానికి బడిలో రెండేళ్లు నోరు విప్పలేదు.

"నాలుక పైకెత్తి డడడర అను తల్లీ."

"డడడల."

"గట్టిగా!"

"డడడల!"

అత్త కళ్లద్దాల మీద ఉమ్మి పడింది గానీ ర పడలేదు. అద్దాలు తుడుచుకోవడానికి చోటు చేసుకుంటూ బల్ల మీది ఇనుప త్రాసును పక్కకు జరిపింది. అది కాస్తా జారి కాలి బొటనవేలి మీద పడింది.

"పెర్ర్ర్కెలె!"

ముప్పయ్యొక్క ఏళ్ల శుక్రవారాలు ఒక్క దెబ్బకు గంగలో కలిశాయి. వర్పు కళ్లు మెరిశాయి.

"పెర్ర్ర్కెలె!" అంది తనూ. ర గిర్రున తిరిగింది.

"ఇంకోసారి అనవే!" అంది కైసు.

"వద్దు!" అని అరిచింది అత్త. మళ్లీ ఆగలేక, "సరే, ఒక్కసారి," అంది.

"పెర్ర్ర్కెలె, వర్పు!"

ఇద్దరు ఆడవాళ్లూ ఒకర్నొకరు కావలించుకున్నారు. చిక్కేమిటంటే, ముందు తిట్టుంటేనే వెనక పేరు వస్తోంది. తిట్టు తీసేస్తే మళ్లీ వల్పే.

"బడిలో ఇలాగే చెబితే మొదటిరోజే ఇంటికి పంపేస్తారత్తా," అంది కైసు.

అప్పుడు అత్తకు తన పాత మందు గుర్తొచ్చింది. అది మొదలు వేసవంతా, పిల్లను తన ఇంటి వరండాలో కూర్చోబెట్టి, బిస్కెట్లు ఆశపెట్టి, తిట్టు తోక మార్పించింది. పెర్... యంతాయ్. పెర్... యంతాయ్.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం క్లినిక్‌కు టీచరు ఫోన్ చేసింది.

"ఇర్మెలి గారూ, వర్పు అనే పిల్ల మీకు తెలుసట కదా. పేరడిగితే ముందు శుక్రవారం అంటోందేంటండీ? ఇవాళ బుధవారం కదా!"

"పేరు చెప్పిందా?"

"చెప్పకేం! కిటికీలు అదిరిపోయాయి. ఎవరూ అడక్కుండానే ఇంకో మూడుసార్లు చెప్పింది."

ఇర్మెలి ఫోన్ పెట్టేసి, ఆరేళ్ల పిల్లలాగా ఏడ్చింది. తర్వాత వర్పు కార్డు కోసం ఆత్రంగా లేవబోతే, మోకాలు బల్లకు తగిలింది. అప్పుడు ఆమె ఏమందో పక్కగది నర్సులు ఎవరికీ చెప్పరు. శుక్రవారమని మాత్రం కాదట.