కల్లే అనుకున్నాం

నా చిన్నప్పుడు సూరత్‌లో మా మరమగ్గాల వాళ్ళకు పిచ్చి అంటే పెద్ద భయం ఉండేది కాదు. సొంతూళ్ళో పొద్దూమాపూ మత్తుమందు కలిపిన మందుకల్లు తాగినవాడు ఇక్కడ రైలు దిగితే చుక్క దొరికేది కాదు, గుజరాత్‌లో నిషేధం మరి. ఒళ్ళు వణికేది, లేనివి కనిపించేవి, ఎవరో పిలుస్తున్నారని వీధిలోకి పరుగెత్తేవాడు. కొన్నాళ్ళకు కల్లు దిగేది, మనిషి పనిలోకి పోయేవాడు.

మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, పక్కింటి మామ ఒకే రైల్లో వచ్చారు. ఇద్దరూ కల్లుకు అలవాటుపడ్డవాళ్ళే, వచ్చీ రాగానే ఇద్దరికీ ఆ పిచ్చి మొదలైంది. మామ ఒంటి మీద లేని చీమలను దులుపుకునేవాడు. చిన్నబాపు గోడతో మాట్లాడి, ఆ గోడ మీదే అలిగేవాడు. నానమ్మకు ఆయన కడగొట్టు కొడుకు. "కల్లు దిగనియ్యి, నా కొడుకు బంగారం" అంటూ నిబ్బరంగా ఉండేది.

మామ తొందరగానే కోలుకున్నాడు. చిన్నబాపుకు నెలలు గడిచినా తగ్గలేదు. చివరికి డాక్టరు మాత్రలతో ఆ మాటలు, అరుపులు ఆగాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నాన్న అయితే మగ్గాల సేఠ్‌తో పని కూడా మాట్లాడి వచ్చాడు.

నానమ్మ ఊరికే నమ్మే రకం కాదు. ఒక మధ్యాహ్నం మంచం కోళ్ళకు రెండు వరసల పోగులు కట్టి, చిన్నబాపుతో ఆడుకొమ్మని నన్ను కూర్చోబెట్టింది. మగ్గం మీది పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులను దానికి ఒక్కొక్కటిగా ముడివేయడం మా ఇళ్ళలో పిల్లలకు కూడా వచ్చు. అది పరీక్ష అని ఆయనకు తెలియకూడదని ఆమె ఎత్తు. చీమలు పోయిన మర్నాడే మామ ఆ పని మగ్గం దగ్గర వరస తప్పకుండా చేశాడు.

చిన్నబాపు మొదటి ముడి ఎంత చక్కగా వేశాడో! నాకు ప్రాణం లేచివచ్చింది. ఆ తర్వాత వేసిన ముడినే మళ్ళీ పట్టుకున్నాడు. నేను పక్క పోగు అందిస్తే చాలాసేపు చూసి, "ఇప్పుడేం జెయ్యాలె బిడ్డా?" అన్నాడు. చెప్పాను, వేశాడు. మళ్ళీ అదే అడిగాడు. ఆయన ముఖంలో బాధ కూడా లేదు, అదే నన్ను భయపెట్టింది.

నానమ్మ వచ్చి పోగులన్నీ విప్పేసింది. "లొల్లి పోయింది గని, మనిషి రాలే" అని నాన్నతో చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది. అంతకుముందు కల్లును తిట్టని పూట లేదు. ఆ రోజు తర్వాత ఆమె నోట ఆ పేరే వినలేదు. చిన్నబాపు ఎవరేం చెబితే అది చేస్తూ, మా ఇంట్లోనే ఓ గదిలో ముసలివాడై కన్నుమూశాడు.

ఇప్పుడు సూరత్ శివారు ఉన్‌లో మా గల్లీలో ఒక తల్లి, "గంజాయి నా కొడుకు దిమాక్ తిన్నది పెద్దమ్మా" అని నా దగ్గర కూర్చుని ఏడుస్తుంది. అందరూ ఆమెతో కలిసి ఆ పాడు మత్తును శపిస్తారు. నేను శపించను. అది మత్తే అయి ఉండాలని, మా చిన్నబాపుకు వచ్చినలాంటి మరొకటి కాకూడదని లోలోపల మొక్కుకుంటాను. నీ కొడుకు మత్తుగాడే అయి ఉండాలని నువ్వూ మొక్కుకో అని కన్నతల్లికి ఏ నోటితో చెప్పను?