ఓడెక్కని శంకరవ్వ

శంకరవ్వకు కొత్త మొగుడి మీద అనుమానం అతని కళ్ళ దగ్గరే మొదలైంది. ఆ కళ్ళకు కాటుక ఉంది. మారుమనువు కాబట్టి మేళాలూ తాళాలూ లేవు. కొత్త చీర పెట్టి, నలుగురి ముందు పుస్తె కట్టాడు. తలెత్తి చూస్తే రెప్పల అంచున సన్నగా నల్లటి గీత. దిష్టికని ఎవరో పెట్టి ఉంటారులే అనుకుంది. మరునాడు తలంటుకుని వచ్చాక చూసినా ఉంది. ముప్పై ఆరేళ్ళవాడు, గుబురు మీసంవాడు, రోజూ కాటుక దిద్దుకుని తిరుగుతాడా? తిరిగితే ఎవరి కోసం?

అనుమానం పెనుభూతం అంటారు. శంకరవ్వకు మాత్రం అది ఇంటి ముందు కట్టేసుకున్న కుక్క. తన పదిహేడో ఏటనే మొదటి మొగుడు కలరాతో పోయాడు. ఆ తర్వాత ఆరేళ్ళు అన్న ఇంట్లో వదిన పెట్టిన కూడు తింటూ, ఎవరి మాటలో ఏ విరుపు ఉందో కనిపెట్టుకుంటూ బతికింది. వాళ్ళది భైంసా పక్క పల్లె. అక్కడ సగం తెలుగు, సగం మరాఠీ. ఆమెకు రెండూ గడగడా వచ్చు. పెళ్ళికొడుకు బాలమల్లుది అదే ఆదిలాబాదు జిల్లాలో తూర్పు మూలన ఉన్న బెల్లంపల్లి. బొగ్గు కంపెనీలో నౌకరీ, మొదటి భార్య కాన్పులో పోయింది, పిల్లలు లేరు అని మధ్యవర్తి చెప్పాడు. కంపెనీలో ఏం పని అని అడిగినవాడు లేడు. నౌకరీ అన్న మాటకే అందరి కడుపులూ నిండిపోయాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి మూడేళ్ళు.

పెళ్ళైన నాలుగో రోజు బాలమల్లు ఒక మాట అన్నాడు. "బాసర పోయి అమ్మవారికి మొక్కుదం. గట్నుంచి గట్నే రైలెక్కి బొంబాయి పోదం. ఓడెక్కుదం."

"ఓడెందుకు?" అంది శంకరవ్వ.

"ఊకెనే."

లోకంలో ఊకెనే ఓడెక్కేవాడు ఎవడైనా ఉంటాడా? ఈ మాట విన్నప్పటి నుంచి శంకరవ్వ తల్లికి ముద్ద దిగలేదు. బండెక్కే ముందు కూతుర్ని గోడ చాటుకు లాగి, చీర కొంగున నాలుగు నోట్లు ముడివేసింది. "మన లచ్చవ్వను గూడ గిట్లనే బొంబాయి సూపిస్తనని తోల్కపోయిండు దాని మొగడు. ఆడు ఒక్కడే మళ్లొచ్చిండు. జర పైలం బిడ్డా" అంది.

బొంబాయిలో రెండు రోజులు గడిచాయి. మూడోది ఆఖరి రోజు. మరునాడు పొద్దున్నే భావుచా ధక్కా రేవులో ఓడ. అది రత్నగిరి దాకా పోతుంది, అక్కడ దిగి మళ్ళీ ఇంకో ఓడలో రావడం. చూడవలసినవన్నీ ఈరోజే చూసేయాలని బాలమల్లు పొద్దున్నుంచీ తిప్పుతూనే ఉన్నాడు. రాణీబాగు జంతుశాలలో ఏనుగును చూపించాడు, నీళ్ళలో పడుకున్న మొసలిని చూపించాడు. శంకరవ్వ ఏనుగునూ చూడలేదు, మొసలినీ చూడలేదు. మొగుణ్ణి చూసింది.

వింత మనిషి. ఏ భవనంలోకి పోయినా ముందు నెత్తి మీది కప్పు చూస్తాడు. దిగిన ఖోలీలో, ఆ అద్దె గదిలో అయితే చీపురుకట్ట తిరగేసి పైకప్పు మీద టకటక కొట్టి, చెవి అటు పెట్టి విన్నాడు. అక్కడ కొట్టి, ఇక్కడ కొట్టి, ఒక మూల మాత్రం రెండుసార్లు కొట్టి, చాపను ఆ మూల నుంచి దూరంగా లాగాడు. ఆ మూల పైన ఏం దాచాడో అని శంకరవ్వ ఆ రెండు రాత్రులూ ఆలోచించింది. చేతుల మీద నీలం గీతలు కూడా ఉన్నాయి, పచ్చబొట్టు చెరిపేసినట్టు. అవి ఎవరి పేరో చదువుదామంటే ఆమెకు చదువు రాదు.

సముద్రం ఒడ్డున పెద్ద రాతి కమాను దగ్గర జనమంతా దాని కిందికి పోయి మెడలు ఎత్తి చూస్తున్నారు. బాలమల్లు పోలేదు. శంకరవ్వ రెండడుగులు వేయబోతే జబ్బ పట్టి వెనక్కి లాగాడు. "కిందికి పోకు. బయటనే నిలవడు." ఆ తర్వాత గట్టు మీద వెల్లకిలా పడుకుని, నీళ్ళ వైపు తల కూడా తిప్పకుండా, ఆకాశం చూస్తూ అరగంట గడిపాడు. సముద్రం చూడ్డానికి వచ్చి ఆకాశం చూసే మనిషిని ఎట్లా నమ్మాలి?

చివరికి అడిగేసింది. "నీ కండ్లకు గా కాటుకేంది?"

బాలమల్లు తటాలున లేచి కూర్చున్నాడు. భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకుని, "ఏం లేదు, నడువు, ఆకలైతున్నది" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది వరస. శంకరవ్వ ఇంకేమీ అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్త పడతాడని ఆమె లెక్క.

భోజనానికి కామాటిపురాలో ఇస్తారి ఖోలీకి తీసుకెళ్ళాడు. ఇస్తారిది చెన్నూరు దగ్గరి ఊరు. బాలమల్లుకు చిన్ననాటి స్నేహితుడు, ఓడరేవులో హమాలీ. ఓడ టికెట్లు తీసింది కూడా అతనే. ఆ గల్లీలో తెలుగు మాట వినిపించి శంకరవ్వకు ప్రాణం లేచొచ్చింది. కానీ రెండు గల్లీలు దాటుతుండగా గుమ్మాలలో పౌడరు రాసుకుని నిలబడ్డ ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళలో ఒకామె శంకరవ్వను కిందా మీదా చూసి నవ్వింది. లచ్చవ్వ గుర్తొచ్చింది. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ కూలబడింది.

తిన్నాక మగవాళ్ళిద్దరూ బయట వరండాలో బీడీలు ముట్టించారు. శంకరవ్వ లోపల గిన్నెలు కడుగుతున్నట్టు చప్పుడు చేస్తూ, చెవి మాత్రం తెరకు ఆనించింది.

"పది దినాలు సుట్టి తీసుకున్ననంటివి. మరి బాయి సంగతేందన్నా?" అన్నాడు ఇస్తారి.

"బాయి యాడికి పోతది, ఆణ్నే ఉంటది. సోమారం మళ్ల దాని కాడికే పోవుడు."

"ఇడిసిపెట్టరాదే? గీడ ధక్కా మీద పనిప్పిస్త."

"ఇడుసుడు గంత అల్కగనా? పదిహేనేండ్ల సంది దాన్నే నమ్ముకున్న. నా సొంత తమ్ముణ్ణి మింగింది, అయినా ఇడువలే."

"వదినెకు చెప్పినవా మరి?"

"చెప్పలే. చెప్తె పిల్లనిత్తురా? రేపు ఓడెక్కినంక చెప్త. నడి సముద్రంల యాడికి ఉరుకుతది?" అని బాలమల్లు నవ్వాడు.

శంకరవ్వ ఊళ్ళో బాయి అంటే ఆడమనిషి. పటేలు పెళ్ళాం బాయి, బళ్ళో పంతులమ్మ బాయి. నీళ్ళు తోడుకునే బాయి కూడా ఉంది గానీ, నీళ్ళ బాయిని పదిహేనేళ్ళు నమ్ముకునేవాడు ఎవడు? సోమవారం దాని కాడికి తిరిగి పోయేవాడు ఎవడు? కాటుక ఎవరి కోసమో తెలిసిపోయింది. చేతి మీద ఎవరి పేరో తెలిసిపోయింది. సొంత తమ్ముణ్ణి మింగిన ఆడది! ఆ సంగతి నడి సముద్రంలో చెబుతాడట. చెప్పి ఏం చేస్తాడో?

శంకరవ్వ బుర్ర మాత్రం చక్కగా పనిచేసింది. చెంబు పట్టుకుని బయటికొచ్చి, "నల్లా కాడికి పోయొస్త" అంది. "జల్ది రా" అన్నాడు బాలమల్లు. నల్లా దాటింది, గల్లీ దాటింది, చేపలమ్మే ఒక ముసలామెను మరాఠీలో బోరీబందరు స్టేషనుకు దారి అడిగింది. కొంగు ముడి విప్పి టికెట్టు తీసుకుంది. మన్మాడులో బండి మారి, బాసరలో దిగి, ఇస్తారి చెంబుతో సహా ఇల్లు చేరింది.

పల్లె అంతా ఆమెను మెచ్చుకుంది. తోడేలు నోట్లోంచి బయటపడ్డావన్నారు. శంకరవ్వ కూడా చెప్పడానికి రుచి మరిగింది. చెప్పినకొద్దీ ఆ బాయి ముక్కుకు నత్తు వచ్చింది, ఇంకో వారానికి బంగారు పన్ను వచ్చింది. కనబడని మనిషికి ఎన్ని నగలు పెట్టినా ఖర్చేముంది?

నెల తిరగకముందే బాలమల్లు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. శంకరవ్వ లోపల పత్తి కుప్ప వెనక దాక్కుంది. అన్న కట్టె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"శంకరవ్వ గిట్ల వచ్చిందా?" అన్నాడు బాలమల్లు. "నాలుగు దినాలు బొంబాయంత దేవులాడిన."

"రాలే. నువ్వే తోల్కపోయినవ్, నువ్వే చెప్పాలె. పో, నీ బాయి కాడికే పో!"

"బాయికి పోకుంటె నాకు తిండెట్ల ఎల్లుతది? పోత గని, ఆమె యాడున్నదో..."

మాట పూర్తి కాకముందే అన్న కట్టె ఎత్తాడు. సిగ్గు లేకుండా మొహం మీదే చెబుతున్నాడు చూడు, ఆ ఆడదే తిండి పెడుతుందట! పత్తి వెనక శంకరవ్వ పళ్ళు కొరికింది.

ఎనిమిది నెలలు గడిచాయి. శంకరవ్వ భైంసాలో జిన్నింగు మిల్లుకు పోయి పత్తిలో చెత్త ఏరుతోంది. అక్కడికి రాజక్క అని కొత్త మనిషి వచ్చింది, బెల్లంపల్లి నుంచి పుట్టింటికి తిరిగొచ్చిన విధవరాలు. మాటల్లో శంకరవ్వ మొగుడి ఊరు బెల్లంపల్లి అని తెలిసి, రాజక్క మామూలుగా అడిగింది.

"అట్లనా? మీ ఆయన ఏ బాయిల చేస్తుండు?"

శంకరవ్వ చేయి ఆగిపోయింది. "ఏ బాయి ఏంది?"

"బొగ్గు బాయే. మనూర్ల బాయి అంటె బొగ్గు తవ్వేదే గద. మా ఆయన మూడో నంబరు బాయిల చేసేటోడు, కప్పు కూలి సచ్చిండు. బాయి మింగింది మా ఆయనను."

శంకరవ్వ మెల్లగా ఒక్కొక్కటీ అడిగింది. కళ్ళకు కాటుక ఉంటుందా? "ఎన్ని నీళ్లు పోసుకున్నా రెప్పలల్ల మసి పోదు." చేతుల మీద నీలం గీతలు? "దెబ్బ తాకినకాడ బొగ్గు లోపట్నే ఉండి మానుతది." కప్పు మీద కట్టెతో ఎందుకు కొడతారు? "బోలుగ మోగితె కూలుతదన్నట్టు. ఉరుకుతరు."

తెలుగువాళ్ళం మనం ఆడదాన్నీ 'అది' అంటాం, నేలలో గుంతనీ 'అది' అంటాం. ఆ ఒక్క 'అది' దగ్గర శంకరవ్వ కాపురం ఇరుక్కుపోయింది. ఏ బాయి అని అప్పుడే ఒక్క మాట అడిగి ఉంటే! శంకరవ్వ పత్తిలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

రెండో రోజే బెల్లంపల్లి చేరింది. కంపెనీ క్వార్టర్ల వరసలో ఇల్లు వెతుక్కుని గుమ్మం ముందు కూర్చుంది. పని దిగగానే ఎవరో కబురు చెబితే బాలమల్లు నేరుగా వచ్చాడు. ఒళ్ళంతా నలుపు, కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనబడలేదు. ఆమెను చూసి ఆగాడు.

"ఎవనితోని పోయినవ్?" అన్నాడు.

అతను ఏమంటాడో అని వెయ్యి రకాలుగా అనుకుంటూ వచ్చింది, ఇది అనుకోలేదు. శంకరవ్వ గబగబా అంతా చెప్పింది: కాటుక, చీపురుకట్ట, తెర చాటున విన్న మాట, పత్తి కుప్ప. బాలమల్లు నవ్వుతాడేమోనని మధ్యలో రెండుసార్లు ఆగింది. నవ్వలేదు.

"మీ అన్న నువ్వు రాలేదన్నడు."

"నేను లోపట్నే ఉన్న."

"గిప్పుడంటున్నవ్." కొళాయి దగ్గర కూర్చుని చేతులు కడుక్కున్నాడు. "తమ్ముడు సచ్చిన ముచ్చట దాసిన, గది నా తప్పే. కప్పు లేని జాగల రెండు రాత్రులు నీతోని పండుకోవాలె అనుకున్న. గందుకే ఓడ." తల తిప్పకుండానే అన్నాడు. "లోపటికి పా. అన్నం వండు."

శంకరవ్వ వండింది. ఆ ఇంట్లోనే ఉండిపోయింది, ఇద్దరు పిల్లల్ని కన్నది. బాలమల్లు ఆమెను ఒక్క దెబ్బ కొట్టలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. ఓడ మాట మళ్ళీ ఎత్తలేదు. పని దిగినవాళ్ళందరూ ముందు స్నానాల గదికి పోతే, అతను మాత్రం మసి మొహంతోనే నేరుగా ఇంటికి పరుగెత్తేవాడు. గుమ్మంలోంచి ఆమె ఉందో లేదో ఒకసారి చూసి, అప్పుడు స్నానానికి పోయేవాడు. ఏళ్ళు గడిచినా ఒక్క రోజు తప్పలేదు. క్వార్టర్లలో ఆడవాళ్ళు, "ఎంత పావురమే, ఎంత ప్రేమే నీ మీద, చూడకుండ ఒక్క గడియ ఉండలేడు" అని శంకరవ్వను ఆటపట్టించేవాళ్ళు. ఆమె అవునని తల ఊపి, పొయ్యి వైపు తిరిగేది.