ముందుగదికి వేసిన తీగ

భర్త నుంచి విడిపోయి పుట్టింటికి వచ్చిన రెండో ఏడు నేనొక గేమింగ్ కంప్యూటర్ కొనుక్కున్నాను. మార్కాపురంలో ఒక ఫోటో స్టూడియోకు పెళ్లి ఆల్బమ్‌లు తయారుచేసి పంపేదాన్ని. పాత లాప్‌టాప్ ఆ ఫోటోలను మోయలేక ఊరికే ఆగిపోయేది. పని కోసమే కొన్నానని ఇంట్లో చెప్పాను. అది సగమే నిజం. సాయంత్రం పని ముగిశాక వెనకగది తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడేదాన్ని. నాతోపాటు ఆడేది కనిగిరిలో ఉండే నా డిగ్రీ స్నేహితురాలు.

తలుపు బయట ఉన్నవాళ్లకు నా మాటలే వినిపిస్తాయి, ఆమెవి వినిపించవు. "నువ్వు ముందు పో, నేను వెనకాల వస్తా." "ఎవరూ చూడకముందే గోడ దూకు." ఒకరోజు గొర్రెలను దొడ్డికి తోలి వచ్చిన నాయన చెవిన ఈ మాటలు పడ్డాయి.

"లోపల ఎవరమ్మా?"

"ఎవరుంటారు నాయనా? నేనే."

"నువ్వే అయితే గోడ దూకమని ఎవరికి చెప్తాండావు?"

ఆట అని చెప్పాను, స్నేహితురాలని చెప్పాను. తల ఊపాడు కానీ నమ్మలేదు. ఆ నెలలోనే మా వీధిలో ఒకామెను ఎవడో పోలీసునని ఫోన్ చేసి, పొద్దంతా ఫోన్ ముందు నుంచి లేవనివ్వకుండా బెదిరించాడు. అప్పటి నుంచి నా గది తలుపు బయట నాయన అడుగుల చప్పుడు ఎక్కువైంది.

దాచేదేమీ లేనప్పుడు ముందుగది టీవీలోనే ఆడదామనుకున్నాను. అందరూ చూస్తారు. మార్కాపురం పోయి పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ తీగ తెచ్చి, రెండు గుమ్మాల మీదుగా మేకులు కొట్టి వెనకగది కంప్యూటర్ నుంచి టీవీ దాకా లాగాను. బొమ్మ వచ్చింది కానీ చేతిలో ఆట ఆడే రిమోట్ ఎంత నొక్కినా ఆట కదలలేదు. మావి పాత రాతి గోడలు. రిమోట్ సంకేతం వాటిని దాటి వెనకగదికి చేరడంలేదు. మళ్లీ పోయి ఇంకో తీగ తెచ్చి, ఆ సంకేతం అందుకునే బొటనవేలంత పరికరాన్ని టీవీ కిందికే తెచ్చాను. అప్పుడు కదిలింది.

అమ్మ మంచం మీద కూర్చుని, "ఈ అడివి మన కొండ మాదిరే ఉందే" అని సంబరపడింది. నాయన టీవీ వైపు చూడనేలేదు. టీవీ కింద ఆ పరికరం మీద వెలుగుతున్న చిన్న దీపం దగ్గర వంగాడు.

"ఇదేంది?"

"నా చేతిలో రిమోట్ చెప్పేది వింటది నాయనా."

"వినేదే అయితే మన మాటలు వినదా?"

మరునాడు చూస్తే ఆ పరికరం ఊడి నేలమీద ఉంది. ఆ తర్వాతి రోజూ అంతే. నాయనను అడిగితే "నాకేం తెల్సు" అన్నాడు. అమ్మను అడిగితే చాటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తలేదు. నాకూ అనుమానం పట్టుకుంది. బయటికి పోయేముందు వెనకగదిలో వస్తువులు ఎట్లా ఉన్నాయో గుర్తు పెట్టుకునేదాన్ని. తిరిగొచ్చేసరికి కుర్చీ పక్కకు జరిగి ఉండేది. నా ఫోన్ కూడా చూస్తున్నారేమోనని లాక్ మార్చాను.

ఒక సాయంత్రం ఫోటోలు నెట్‌లో స్టూడియోకు వెళ్తున్నాయని కంప్యూటర్ ఆపకుండా వీధి చివరి దుకాణానికి పోయి వచ్చాను. వెనకగదిలో నాయన గొంతు వినిపించింది. తొంగిచూశాను. ఆటకు రమ్మని నా స్నేహితురాలు కంప్యూటర్‌కు చేసిన కాల్ ఎత్తినట్టున్నాడు. తలపాగా మీదనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నిలబడి మాట్లాడుతున్నాడు.

"ఏ ఊరు తల్లీ మీది?... మీ నాయన ఏం చేస్తాడు?... మా పాప నీకు ఎట్ల తెల్సు?"

నన్ను చూసి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడపిల్లే" అన్నాడు.

"నేను చెప్పింది అదే కదా! నా మీద అంత అనుమానమా? ఆ పరికరం ఊడబీకింది కూడా నువ్వే."

"నేనే." కుర్చీ అంచున కూర్చున్నాడు. "నీ మీద కాదమ్మా. ఆ పెళ్లప్పుడు వాళ్లు ఉద్యోగం అన్నారు, సరే అన్నాను. తాగడు అన్నారు, సరే అన్నాను. ఆ ఊరికి పోయి ఒక్కరినన్నా అడిగినానా? నమ్మి పంపించినాను. ఇంక నా చెవులతో వినందే ఏదీ నమ్మను."

నాకు కోపం పోలేదు. కానీ రెండేళ్లలో మా ఇంట్లో ఆ పెళ్లి గురించి ఎవరూ అంత మాట్లాడలేదు.

ఆదివారం స్నేహితురాలిని ఇంటికి రమ్మన్నాను. బస్సు దిగి ఆమె లోపలికి రాగానే నాయన మళ్లీ అవే ప్రశ్నలు అడిగాడు. ఆ రోజు హెడ్‌ఫోన్లలో చెప్పినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ తేడా ఉందేమోనని చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఆమె నవ్వుతూ, "పెదనాయనా, కావాలంటే ఆధార్ చూపిస్తా" అంది. చూపిస్తే చూశాడు కూడా.

తర్వాత మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. నాయన గుమ్మంలో గోడకు ఆనుకుని మొదటిసారి ఆట చూశాడు. ఆటలో ఒక ముసలివాడు ఎదురొచ్చి కోటకు అడ్డదారి చూపిస్తానన్నాడు.

"వాన్ని నమ్మొద్దు" అన్నాడు నాయన. "అడగకుండానే దోవ చూపిస్తానంటాడేంది?"

మేం వినలేదు. వాడి వెంట పోయాం. మలుపు తిరగ్గానే పదిమంది మీదపడ్డారు, ఇద్దరం చచ్చిపోయాం.

"చెప్పినానా లేదా?" అన్నాడు నాయన, పంచె దులుపుకుని మా పక్కకొచ్చి కూర్చుంటూ. "ఈసారి కొండ పక్కనుంచి పోండి."