చిన్నమ్మ తోసిన బండి

నా చిన్నప్పుడు మా చిన్నాయన ఒక మోటారుసైకిలు కొనడానికి నాలుగు నెలలు తన్నుకులాడాడు. అరవైల చివరి రోజులవి. నాకు తొమ్మిదేళ్ళు. ఆ నాలుగు నెలలూ ఇంట్లో అందరూ అయోమయంగానే ఉన్నారు గానీ, అందరికంటే ఎక్కువ అయోమయం నాదే. ఎందుకంటే ఎవరు ఏం చెప్పినా నాకు అదే నిజమనిపించేది.

తిరుత్తణికి రెండు మైళ్ళ దూరంలో మా ఊరు. చెరకు, వేరుశనగ వేసే కుటుంబం మాది. చిన్నాయన ఒక్కడే సేద్యం వదిలి ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. చీకటితో లేచి రైలుకు పోయి, పొద్దు గూకినాక వచ్చేవాడు. చిన్నమ్మకు పెళ్ళై అప్పటికి ఏడేళ్ళు. పిల్లలు లేరు. ఆ మాట ఎవరూ ఆమె ముందు అనేవాళ్ళు కాదు గానీ, ఊళ్ళో సీమంతాలకు ఆమెను పిలవడం మానేశారు. సుబ్రహ్మణ్యస్వామి ఆరు కోవెళ్ళూ మొగుడితో కలిసి చూసివస్తానని చిన్నమ్మ మొక్కుకుంది. ఒకటి మా తిరుత్తణి కొండే. మిగిలిన ఐదూ పళని, తిరుచెందూరు అంటూ దక్షిణాన ఎక్కడెక్కడో ఉన్నాయి.

చిక్కేమిటంటే చిన్నమ్మకు బస్సు పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పేది. తిరువళ్ళూరు చేరేలోపల కిటికీలోంచి తల బయటపెట్టి పేగులు తెగేలా కక్కేది. మొహానికి గాలి తగిలితే మాత్రం ఏమీ కాదు. అందుకని మోటారుసైకిలు మీద పోదామని చిన్నాయన తేల్చాడు. మొక్కు ఆమెది, మోజు ఈయనది అని మా అమ్మ ముసిముసిగా నవ్వేది. నిజమే, చిన్నాయనకు బండి పిచ్చి పెళ్ళికి ముందునుంచే ఉంది. చిన్నమ్మకు మాత్రం ఒకటే భయం. దారిలో బండి మొరాయిస్తే మొక్కు సగంలో ఆగిపోతుంది. సగంలో ఆగిన మొక్కు అసలు మొక్కనిదానికంటే కీడని ఆమె నమ్మకం.

కొత్త బండికి మా తాహతు చాలదు. పాతవే మూడు బేరానికి వచ్చాయి. ఒకటి తిరువళ్ళూరులో ఒక మిల్లు యజమానిది. నల్లగా, బరువుగా ఉండేది. అది వస్తుంటే ఊరి మొదట్లో ఉండగానే మా గిన్నెలు అదిరేవి. రెండోది చిన్నాయనతో పనిచేసే ఆయనది. ఎర్రటిది, రెండు పొగగొట్టాలు, తెగ పరుగెత్తేది. మూడోది పాలు పోసే ఆయనది. బూడిదరంగు, బక్కది. క్యాన్లు తగిలించడానికి రెండు పక్కలా ఇనుప కొక్కేలు అతికించి ఉండేవి. దాని మొహం చూస్తేనే చిన్నాయనకు నీరసం వచ్చేది.

ఇక సలహాలు మొదలయ్యాయి. నల్లది ఎంత దూరం పోయినా అలవదు అన్నాడొకాయన. అలవదు గానీ దాని సామాను దొరక్క నెల రోజులు షెడ్డులో పడుంటుంది అన్నాడు మెకానిక్కు. ఎర్రదానికి కొండలొక లెక్క కాదన్నారు. పెట్రోలు మాత్రం దాహమేసిన దున్నపోతులా తాగుతుందన్నారు. బక్కది ఇద్దరిని మోసుకుని పళని దాకా పోతుందా అని నవ్వారు. పాలవాడు రోజూ అంతకు రెండింతల బరువు వేస్తాడు కదా అని ఇంకొకరు అడ్డుపడ్డారు. చిన్నాయన సోమవారం నల్లదన్నాడు, బుధవారం ఎర్రదన్నాడు, శనివారం అసలు ఏదీ వద్దన్నాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మా తాత ఊరికే అనలేదు.

మా తాతకు ఎద్దుల మీద మంచి పట్టుంది. సంతలో ఆయన చెయ్యి వేసిన ఎద్దును ఎవరూ కాదనేవాళ్ళు కాదు. బండి విషయంలోనూ ఆయన తన పద్ధతి వదల్లేదు. మిల్లు యజమాని నల్లబండి తెచ్చి నిలిపితే చుట్టూ తిరిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, ఎద్దు ఒంటిమీద సుడులు వెతుకుతున్నట్టు వేలితో రాసి చూశాడు. చిన్నాయన సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇది ఎద్దు గాదు నాయనా" అన్నాడు మెల్లగా. "తెలుసులేరా. ఎద్దయితే ఇంత యోచన చేస్తానా?" అన్నాడు తాత.

బేరం తెగేముందు ఒక్కో బండినీ ఒక ఆదివారం మా ఇంట్లో ఉంచేట్టు మాట్లాడుకున్నారు. చిన్నాయన పొద్దున తిరుత్తణి దాకా నడిపి తెచ్చేవాడు. వచ్చీ రాగానే తాత ఆయన్ను తమలపాకులకని కాలినడకన అంగడికి పంపేవాడు. బండి మీద పోతానంటే, దానికి కాస్త ఊపిరాడనీ అనేవాడు. ఆయన కనుమరుగు కాగానే బండిని కళ్ళంలోకి పెట్టించి, తడిక మూసి, చిన్నమ్మను పిలిచేవాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను గడ్డివామి మీద ఉన్నాను. మొదటి ఆదివారం నల్లబండి. చిన్నమ్మ కొంగు నడుముకు బిగించి, హ్యాండిలు రెండు కొమ్ములూ పట్టుకుని దాన్ని తోయడం మొదలుపెట్టింది. నాలుగడుగులు కదిలి ఒక పక్కకు ఒరిగింది. తాత పరుగెత్తి పట్టుకోకపోతే ఆమె మీదే పడేది. "ఇంగొక తూరి నూకమ్మా" అన్నాడు. మళ్ళీ అంతే. రెండో ఆదివారం ఎర్రబండి. అది కదిలింది గానీ, మలుపులో దాని గొట్టం చిన్నమ్మ పిక్కకు ఆనింది. అప్పుడే తిరిగొచ్చిన బండి, నిప్పులా ఉంది. చిన్నమ్మ పెదవి కొరుక్కుంది గానీ అరవలేదు. తాత కలబంద విరిచి తెచ్చి ఇచ్చాడు. వామి మీద నాకు ఏడుపొచ్చింది.

ఆడకూతురితో బండి తోయించడమేమిటి? ఎందుకు తోయిస్తున్నాడు? ఎంత ఆలోచించినా నాకు ఒకటే తోచింది. పిల్లలు లేరని తాత ఆమెను శిక్షిస్తున్నాడు అనుకున్నాను. నన్ను భుజాలమీద ఎక్కించుకుని ఆడికృత్తిక తిరునాళ్ళలో కావళ్ళు చూపించే మా తాతేనా అని కుమిలిపోయాను. వారం రోజులు ఆయన పక్కన పడుకోలేదు. ఎందుకని అమ్మ అడిగితే చుట్ట కంపని చెప్పాను.

మూడో ఆదివారం బక్కబండి. చిన్నమ్మ కాలికి గుడ్డ చుట్టుకునే వచ్చింది. దాన్ని కళ్ళం చుట్టూ ఒక చుట్టు తోసింది. రెండో చుట్టులో ఒక చెయ్యి వదిలి నుదుటి చెమట తుడుచుకుంది. మూడో చుట్టులో నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వడం చూశాను. శిక్షపడ్డ మనిషి ఎందుకు నవ్వుతుందో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నాయన చేతులెత్తేశాడు. "నాతో అయ్యేది గాదు. కొండమీద పూలు కట్టి చూసేద్దాం" అన్నాడు. మా పక్క అది మామూలే. సంబంధమైనా, బావి తవ్వకమైనా ఎటూ తేలకపోతే కాగితాల్లో పూలు మడిచి స్వామి పాదాల దగ్గర పెడతారు. చిన్నపిల్లల చేత ఒకటి తీయిస్తారు. వచ్చిందే స్వామి మాట. నల్లబండికి తులసి, ఎర్రదానికి ఎర్ర గన్నేరు, బూడిదదానికి విభూతి అనుకున్నారు. పొట్లాలు మడిచే పని తాత తీసుకున్నాడు. తీసే పని నామీద పడింది.

ఆ కొండమెట్లు నేను ఎన్నిసార్లో ఎక్కాను గానీ, ఆ రోజు ఎక్కినంత కష్టంగా ఎప్పుడూ ఎక్కలేదు. నేను తీసిన బండి దారిలో ఆగిపోతే చిన్నమ్మ మొక్కు నావల్లే చెడుతుంది. తీసేది నా చెయ్యా, స్వామి చెయ్యా? చెయ్యి నాదైతే తప్పెవరిది? పూజారి పళ్ళెం చాపాడు. కళ్ళు మూసుకుని మధ్య పొట్లం తీశాను. విభూతి. చిన్నాయన మొహం ఒక్క క్షణం వాడింది. ఆయన మనసు నల్లదాని మీదే ఉందని అప్పుడు తెలిసింది. అయినా ఆ విభూతి నుదుట పెట్టుకుని, "సామి మాటంటే సరే" అన్నాడు. చిన్నమ్మ తల దించుకుని తన కాలి గుడ్డకేసి చూసుకుంది.

దిగేటప్పుడు మిగిలిన రెండు పొట్లాలూ నా చేతిలోనే ఉన్నాయి. తాతా నేనూ వెనకబడ్డాం. ఆగలేక ఒకటి విప్పాను. విభూతి. రెండోది విప్పాను. అందులోనూ విభూతే. నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి. తాత తిరిగి చూశాడు.

"ఇప్పేసినావా?" అన్నాడు. "కింద పారబొయ్యొద్దు. నుదుట పెట్టుకో."

"సామికి కోపం రాదా తాతా?" అన్నాను.

"ఆయప్పకూ ఇద్దరు పెండ్లాలుండారు పాపా. యాడ నోరు తెరవాలో, యాడ మూసుకోవాలో ఆయప్పకు బాగా తెలుసు" అని చుట్ట వెలిగించుకోవడానికి చెట్టు చాటుకు పోయాడు.

ఎవరికీ చెప్పొద్దని తాత అనలేదు. చెప్పడానికి నాకు అర్థమైతే కదా.

కొక్కేలు తీయించి, బూడిదరంగు బండికి పసుపు పూసి, నిమ్మకాయలు తొక్కించి వాళ్ళిద్దరూ బయలుదేరారు. పదమూడు రోజులు ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. దొంగతనంగా మడిచిన పొట్లం కదా, ఎక్కడో ఆగిపోయే ఉంటుందని నేను రోజూ అనుకునేదాన్ని. పద్నాలుగో రోజు సాయంత్రం ఆ బక్క చప్పుడు వినబడింది. ఇద్దరూ నల్లగా మాడిపోయి, దుమ్ము కొట్టుకుని, ఆరు కోవెళ్ళ ప్రసాదంతో దిగారు.

మర్నాడు నాకు తల దువ్వుతూ చిన్నమ్మ చెప్పింది. బండి ఆగిపోయిందట. పళని దారిలో మణప్పారై దాటాక, మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఊరన్నది లేనిచోట.

"ఆయన కొమ్ములు పట్టుకుంటే నేను ఎనక నుంచి నూకినా. మూడు మైళ్ళు పాపా. వొకరే అయితే అయ్యే పని గాదు. దోవంతా మాట్లాడతానే వున్నాడు. వాళ్ళమ్మ పోయిన దినం సంగతి చెప్పినాడు, పిల్లలు లేరని ఆయనకుండే బాధ చెప్పినాడు. ఏడేండ్లలో నాతో అంత మాట్లాడింది యాడా లేదు. ఆ ఊళ్ళో సైకిలంగడాయన అరగంటలో బాగుచేసి ఇచ్చినాడు. అంత బిరీన అయిపోయిందే అనిపించింది నాకు."

నా జుట్టులో ఒక చిక్కు విప్పింది. తర్వాత, "మీ తాత ముందే అడిగినాడు నన్ను. ఆగని బండి యాడా వుండదమ్మా, ఆగితే నువ్వు గూడా నూకగలిగింది యాదో చూసుకో అన్నాడు. నడిపేవోణ్ణి ఊరంతా అడుగుతుండారు, ఎనక కూర్చునేదాన్ని ఎవురూ అడగలా అన్నాడు" అంది.

నేను దువ్వెన కింద నుంచి లేచి తాత దగ్గరికి పరుగెత్తాను. ఆయన వీపుకు మొహం ఆనించి కూర్చున్నాను. చుట్ట కంపు ఆ రోజు నాకు హాయిగా అనిపించింది.

పిల్లలు పుట్టారా అని అడుగుతారు విన్నవాళ్ళు. పుట్టలేదు. బండి మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. ఊరి దారిలో చిన్నాయన ముందు, చిన్నమ్మ వెనక, ఏదో మాట్లాడుకుంటూ తోసుకురావడం అందరికీ అలవాటైపోయింది. నల్లబండి కొని ఉంటే బాగుండేదని చిన్నాయన ఒక్కసారి కూడా అనలేదు. పొట్లాల సంగతి తెలియకుండానే ఆయన పోయాడు. ఇప్పటికీ తిరుత్తణి కొండెక్కినప్పుడల్లా మా తాత తరఫున స్వామి ముందు లెంపలు వేసుకుంటాను. ఆయనను క్షమించమంటున్నానో, ఆయనకు తోడు నిలిచినందుకు స్వామికి కృతజ్ఞత చెబుతున్నానో నాకే తెలియదు.

మా ఇంటాయన కొట్టు మూతబడిన ఏడాది, పొద్దున్నే తలుపు తీయడానికి కూడా ఆయనకు చేతులాడలేదు. నేను కొంగు బిగించుకుని వెనక నిలబడ్డాను. అప్పుడు నా కళ్ళముందు కదిలింది ఆ కళ్ళమే.

మొన్న మా మనవడు సెల్లులో నాలుగు బండ్లు చూపించాడు. పెళ్ళాన్ని ఎక్కించుకుని కన్యాకుమారి దాకా పోతాడట. ఏది ఆగకుండా పోతుంది అవ్వా అని అడిగాడు. ఇంజను ఆపి, ఆ పిల్లను ఒకసారి నూకమను అన్నాను. వాడు ఏమీ అర్థం కాక నావైపు చూశాడు. వాడి పక్కన కూర్చున్న ఆ పిల్ల మాత్రం సెల్లు తన చేతిలోకి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టింది.