సముద్రం ఒడ్డున చెలిమె

మా అత్తగారింట్లో వాళ్లకు తెలిసిన ప్రయాణం ఒక్కటే, మేడారం జాతర. బండి మాట్లాడుకోవడం, బియ్యం, గిన్నెలు, కోళ్లు ఎక్కించుకోవడం, ఏదో ఒక చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి వండుకు తిని రావడం. ఇంకెక్కడికి బయల్దేరినా, చివరికి దవాఖానకు పోతున్నా సరే, బండెక్కేముందు మా అత్తమ్మ చెయ్యి బియ్యం సంచి కోసం తడుముకుంటుంది. అందుకే సముద్రం చూడ్డానికి పోదామన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు నేను ముందే ఒక షరతు పెట్టాను. వంట ఉండకూడదు.

నా కాపురం దంతాలపల్లిలో, ఉద్యోగం మహబూబాబాద్‌లో. పొద్దున వండి బస్సెక్కుతాను, సాయంత్రం బస్సు దిగి మళ్లీ వండుతాను. నలభై దాటినా సముద్రం ముఖం చూడలేదు. పెద్ద కోరికేం కాదు నాది. నడుం లోతు నీళ్లలో, చేతిలో ఏ పనీ లేకుండా కాసేపు నిలబడాలి. "వంట ముచ్చటే లేదు, హోటల్ల తిందాం" అని మా ఆయన మాటిచ్చాడు. ఆ మాట మా వాకిలి దాటకముందే గంగలో కలిసింది.

ప్రయాణం రోజు ఇంకా తెల్లారకముందే కిరాయి తుఫాన్ జీపు వచ్చి నిలబడింది. భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసే మా బావ, అంటే మా ఆయన అన్న, మా తోడికోడలు అక్కను వెంటబెట్టుకుని ముందురోజే వచ్చాడు. ఆయనకు ప్రయాణం మర్నాడే డ్యూటీ ఉంది కాబట్టి సముద్రం చూసి అదే రాత్రి తిరిగి రావాలి. నేను నా సీటులో కూర్చుని కాళ్లు చాపబోతే కింద ఏదో కదిలింది. కాళ్లు కట్టేసిన రెండు నాటుకోళ్లు.

"ఇవేంది అత్తమ్మా?"

"కోళ్లు. కనవడ్తలేవా? గంగమ్మకాడికి ఉత్తచేతులతోని పోతరా ఎవలన్న? పోయినకాడ పొయ్యి ముట్టియ్యకపోతె పోయినట్టే గాదు."

మా ఆయన వైపు చూశాను. వంగి టైరులో గాలి చూస్తున్నాడు. పెళ్లయినప్పటి నుంచి గమనిస్తున్నాను, వాళ్లమ్మకూ నాకూ మధ్య మాట వచ్చిన ప్రతిసారీ ఈయనకు చూసుకోవాల్సిన టైరొకటి దొరుకుతుంది.

ఖమ్మం దాటి, కృష్ణ దాటి, బాపట్ల దాకా ఆ కోళ్లు నా చీర కుచ్చిళ్లు పొడుస్తూనే ఉన్నాయి. సముద్రం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సరుగుడు చెట్ల సందులోంచి నీలంగా కనిపించగానే మా అమ్మాయి చెప్పులు అక్కడే విడిచి పరుగు తీసింది. నేనూ కొంగు దోపుకున్నాను. "యాడికి? ముందుగాల పొయ్యి వెట్టుండ్రి" అంది అత్తమ్మ.

పొయ్యి పెట్టాలంటే రాళ్లు కావాలి. "రాళ్లు యాడన్న దొరుకుతయి, గ్యాసు పొయ్యి ఎందుకు బరువు" అని ఇంటి దగ్గర చెప్పింది మా బావే. తీరా చూస్తే ఎటు చూసినా ఇసుకే. బావ ఒడ్డు పొడుగునా తిరిగి, తనకేదో అవమానం జరిగినట్టు ముఖం పెట్టుకుని వచ్చాడు. "గింత పెద్ద సముద్రం పెట్టుకున్నరు, మూడు రాళ్లు లేకపాయె!" చివరికి కొబ్బరిబొండాల ఆయన్ని బతిమాలి ఇటుకలు తెచ్చాడు. పుల్లలు అంటుకుంటే గాలి ఆర్పేసేది. అక్కా నేనూ చెరో కొస పట్టుకుని దుప్పటి అడ్డం పెట్టి నిలబడ్డాం. నా వీపు సముద్రానికి, ముఖం పొగకు. అంత దూరం వచ్చి నేను చూస్తున్నది మళ్లీ ఒక గిన్నె అడుగే.

నాటుకోడి తొందరగా ఉడికే రకం కాదు. అది ఉడుకుతుండగానే ఒక కానిస్టేబుల్ అటుగా వచ్చాడు. "చీకటి పడకముందే నీళ్లలోంచి బయటికి వచ్చేయాలండీ. ఈల వేశాక ఎవర్నీ ఉండనివ్వం" అన్నాడు. పొద్దు అప్పటికే మా వెనక సరుగుడు చెట్ల మీదికి దిగింది. మా అమ్మాయి నీళ్లలోంచి "అమ్మా, రా" అని చెయ్యి ఊపుతూనే ఉంది. కూర దించి, అన్నం ఒక్కటి పెట్టేసి పోదామని ఎసరుకు నీళ్లు వంచబోతే క్యాను ఖాళీ. మగవాళ్లిద్దరూ కాళ్లకంటిన ఇసుకను ఆ నీళ్లతోనే కడుక్కున్నారు.

మా ఆయన క్యాను కొనుక్కొస్తానన్నాడు. బావ ఆపాడు. "నీళ్లు కొనుడేందిరా? చెల్మె తీస్త గద."

మా వైపు ఎండాకాలం వాగు ఎండిపోతే ఇసుకలో మోచేయి లోతు తవ్వుతారు. అదే చెలిమె. అందులో ఊరే నీళ్లు తేటగా, తియ్యగా ఉంటాయి. మా బావ ఆ పనిలో దిట్ట, కాదనను. కానీ ఇది వాగు కాదు కదా!

"సముద్రం నీళ్లు ఉప్పగుంటయి బావా" అన్నాను.

"ఇసుకల వడగట్టినంక ఉప్పు యాడుంటది?"

తవ్వాడు. నీళ్లు ఊరాయి, నిజంగానే తేటగా ఉన్నాయి. రుచి చూడమన్నాను. వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. ముఖం ఒక్క క్షణం మారింది. కానీ అందరి ముందూ అన్న మాట మింగేదెట్లా? "జర ఉప్పగున్నయి. మంచిదే, అన్నంల ఉప్పు ఏసుడు తప్పింది" అంటూ తనే గిన్నెలో పోశాడు.

అన్నం ఉడికింది. అత్తమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకు తిరిగి ఊసేసింది. "పసులు గూడ తినయి గిది." మా ఆయన ఈసారి ఎవరూ చెప్పకుండానే లేచిపోయి క్యాను కొనుక్కొచ్చాడు. బావ గొంతు సవరించుకుని నా వైపు చూశాడు. "ఇంక బియ్యం ఉన్నయి గద. మల్లొక్కసారి పెట్టు బిడ్డా, ఎంతసేపు పని."

పొద్దు చెట్ల వెనక్కి పోయింది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చేతిలోని గంటె ఇసుకలో పడేశాను.

"నేను వండ."

మా ఆయన బండి టైరు వైపు చూశాడు.

"మరి యాడికి పోతున్నవ్?" అంది అత్తమ్మ.

"సముద్రానికి."

మసాలా చేతులతోనే నడిచాను. ముందు పాదాలకు, తర్వాత మోకాళ్లకు, తర్వాత నడుముకు తాకాయి నీళ్లు. మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుంది. ఎన్నేళ్ల కోరిక! తీరా నిలబడ్డాక నా బుద్ధి పొయ్యి దగ్గరే ఉంది. మంట ఆరిందేమో, బియ్యం కడిగారో లేదో. అలకు ఎదురు నిలబడాల్సిన మనిషిని తల వెనక్కి తిప్పి ఒడ్డు చూస్తున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

అప్పుడు కనిపించారు, అక్క చెయ్యి పట్టుకుని అత్తమ్మ నీళ్లలోకి వస్తూ. నన్ను పిలుచుకుపోవడానికి అనుకుని ఒక పెద్ద జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆమె వచ్చి నా భుజం పట్టుకుని నిలబడింది. ఒక అల వచ్చి పోయాక అంది.

"మేడారం గన్నిసార్లు పోతి. వాగుల ఒక్కనాడన్న తీరుబాటుగ మునగలే. ఎప్పుడు పొయ్యికాడ్నేనాయె."

"మరి కోళ్లెందుకు తెచ్చినవ్ అత్తమ్మా?" అన్నాను, కోపం ఆపుకోలేక.

తడిసిన కొంగు నడుముకు దోపుకుంది. "ఏమో బిడ్డా. తెచ్చుడే ఎరుక నాకు."

ఒడ్డు మీద మా ఆయన లేచి నిలబడి ఏదో అరుస్తున్నాడు. హోరులో వినపడలేదు. ఒక చేత్తో గ్లాసు ఎత్తి చూపించి, రెండో చేతి వేళ్లతో లెక్క చూపిస్తున్నాడు. గ్లాసు బియ్యానికి నీళ్లు ఎన్ని గ్లాసులు పోయాలని అడుగుతున్నాడు. ఇన్నేళ్లుగా ఆ అన్నమే తింటున్న మనిషి! తిట్టుకుంటూనే నా చెయ్యి దానంతటదే నీళ్లలోంచి పైకి లేచింది.

అత్తమ్మ నా మణికట్టు పట్టుకుని మళ్లీ నీళ్లలోకి దించింది.

"ఉండనియ్. వాళ్లే తెలుసుకుంటరు."

దూరంగా, ఒడ్డు ఆ చివర ఈల మోగింది. మా దాకా రావడానికి కానిస్టేబుల్ ఇంకా చాలా దూరం నడవాలి. మేం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాం.